వైరస్ తగ్గిన తరువాత ఊపిరి అందదెందుకు?

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ సోకిన అనేకమంది విషయంలో ఒక వింత కనిపించింది. మొదటి నాలుగైదు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు. తరువాత జ్వరం కాస్త నెమ్మదిస్తుంది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటారు. ఇంతలో ఏడవ రోజునో, తొమ్మిదవ రోజునో ఆయాసం మొదలవుతుంది. వేలికి తగిలించి చూసే ఆక్సిమీటరులో అంకె 95 నుంచి 90కి, 90 నుంచి 85కి దిగిపోతుంది. వ్యాధి ముదిరినదంటే ఆ రోజులలోనే వైరస్ విజృంభిస్తూ ఉండాలి గదా! కాని చాలామందిలో ముక్కు, గొంతులలోని వైరస్ అప్పటికే తగ్గుముఖం పట్టి ఉంటుంది. శత్రువు వెనుదిరుగుతున్న వేళ కోట కూలడమేమిటి?

ఈ ప్రశ్న కోవిడ్‌తో పుట్టినది కాదు. దానికి దగ్గరి బంధువైన సార్స్ వ్యాధి 2003లో హాంకాంగును వణికించినప్పుడు, ఎమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో అనేకులు ఒక్కసారిగా జబ్బుపడ్డారు. శ్రీలంకలో పుట్టి హాంకాంగులో పనిచేస్తున్న వైరస్ శాస్త్రజ్ఞుడు మాలిక్ పీరిస్, ఆయన సహచరులు, అక్కడి రోగులలో 75 మందిని మూడు వారాలపాటు శ్రద్ధగా పరిశీలించారు. ముక్కు వెనుకభాగం నుంచి తీసిన ద్రవంలో వైరస్ పరిమాణం సుమారు పదవ రోజుకు శిఖరానికి చేరింది; పదిహేనవ రోజుకు, ఆసుపత్రిలో చేరినప్పటికంటె తక్కువకు పడిపోయింది. అయినా రెండవ వారంలోనే ఎక్కువమందికి ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు మరింత మసకబారినవి, కొందరికి కృత్రిమ శ్వాస అవసరమయింది. దీనినిబట్టి, రెండవ వారంలో జరిగే నష్టాన్ని అదుపులేని వైరస్ వృద్ధికి మాత్రమే అంటగట్టడానికి వీలు లేదనీ, దేహం తనను తాను కాపాడుకొనడానికి చేసే ప్రయత్నమే అందులో కొంత భాగం కావచ్చుననీ వారు ఊహించారు.

ఆ ఊహ ఎంతవరకు నిజమో తెలియాలంటే ముందు ఊపిరితిత్తి కట్టడాన్ని కాస్త చూడవలసి ఉంటుంది.

శ్వాసనాళం ఛాతీలో రెండుగా చీలుతుంది. ఒక్కొక్క చీలిక మళ్ళీ రెండవుతుంది. ఇట్లా ఇరవైకి పైగా పర్యాయాలు చీలిన తరువాత, చిట్టచివరి కొమ్మలకు ద్రాక్షగుత్తులవలె చిన్న చిన్న గాలితిత్తులు వేలాడుతూ ఉంటవి. వీటిని వాయుకోశాలంటారు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదవ వంతు ఉంటుంది. ఇటువంటివి ఒక మనిషికి 30 కోట్ల నుంచి 50 కోట్ల వరకు ఉంటవి. వీటి గోడలన్నీ విప్పి పరచగలిగితే తక్కువలో తక్కువ 70 చదరపు మీటర్లు, అంటే ఒక పెద్ద తరగతి గది నేలంత, వైశాల్యం వస్తుంది. గోడకు ఇవతల గాలి, అవతల సన్నని రక్త కేశనాళిక. రెంటి నడుమ ఉన్న పొర చాలాచోట్ల అర మైక్రాను మాత్రమే. తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా కాదన్నమాట. ప్రాణవాయువు ఇంత పలుచని పొరను దాటి రక్తంలోకి పోతుంది. బొగ్గుపులుసు వాయువు అదే దారిన బయటికి వస్తుంది.

ఇక్కడే చిక్కంతా ఉన్నది. దేహంలో ఏ భాగంలో శత్రువు ప్రవేశించినా రక్షణ విధానం ఒకటే: అక్కడి రక్తనాళాలు వదులై, వాటిలోంచి ద్రవమూ, తెల్లకణాలూ బయటికి వచ్చి ఆ చోటును నింపివేస్తవి. దానినే మనం వాపు అంటున్నాము. కాలి వేలికి ముల్లు గుచ్చుకొని వాచినదనుకోండి, నాలుగు రోజులు కుంటుతూ నడవవచ్చు. వాయుకోశం గోడ వాస్తే ఆ వెసులుబాటు లేదు. శ్వాసకు పలుచదనం కావాలి. రక్షణకు గుంపు కావాలి. ఈ రెంటికీ ఒకేచోట పొసగదు.

అందుచేతనే మామూలు రోజులలో ఊపిరితిత్తులలోని కాపలా చాలా సౌమ్యంగా ఉంటుంది. మనం రోజుకు సుమారు 10 వేల లీటర్ల గాలి పీలుస్తాము. అందులోని దుమ్ము, పుప్పొడి, బూజు, సూక్ష్మజీవులు మొదలయిన వాటిలో అధికభాగాన్ని పై దారిలోని శ్లేష్మం పట్టివేస్తుంది; ఆ శ్లేష్మాన్ని, గాలికి ఊగే వరిచేనువలె కదిలే సూక్ష్మమైన కేశాలు నిరంతరం గొంతువైపు నెట్టుతూ ఉంటవి. అది తప్పించుకొని వాయుకోశం చేరిన నలుసును అక్కడ తిరుగాడే భక్షక కణం మింగివేస్తుంది. విశేషమేమంటే ఈ భక్షక కణం మింగడమే గాని కేకలు వేయదు. ప్రతి దుమ్ము కణానికీ కేక వేసి సైన్యాన్ని పిలిచినట్లయితే మనిషి బతికి బట్టకట్టలేడు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. నిశ్శబ్దంగా పనిచేసే ఈ కాపలాదారును గురించి పాఠ్యపుస్తకాలు మరికొంత చెప్పవలసింది.

వైరస్ సంగతి వేరు. అది దుమ్మువలె బయట ఉండిపోదు; కణంలోకి దూరి, ఆ కణంలోని సరంజామాతోనే తన నకళ్ళను తయారు చేయించుకుంటుంది. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ చొరబడిన కణం నుంచి కొద్ది గంటలలోనే కొత్త వైరసులు వెలువడడం మొదలవుతుంది. కాబట్టి చొరబాటును పసిగట్టవలసినది ఆ కణమే. ప్రతి కణంలోనూ ఇందుకు కొన్ని ప్రోటీనులు ఉన్నవి. వైరస్ జన్యుపదార్థం మన కణాల పదార్థానికి కొంత భిన్నంగా ఉంటుంది గనుక, అది తగలగానే ఇవి గుర్తుపట్టి ఒక సంకేతాన్ని బయటికి పంపుతవి.

ఆ సంకేతం దొరికిన కథ ముచ్చటైనది. 1957లో లండను సమీపాన మిల్‌హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో ఎలిక్ ఐజాక్స్ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడూ, స్విట్జర్లాండు నుంచి వచ్చిన లిండెన్‌మన్ అనే యువకుడూ కలిసి ఒక ప్రయోగం చేశారు. వేడిచేసి చంపిన ఇన్‌ఫ్లూయెంజా వైరసును, కోడిగుడ్డులో పిండం చుట్టూ ఉండే పొర ముక్కలతో కలిపి ఉంచారు. తరువాత ఆ ద్రవాన్ని తీసి, వైరస్ ఎన్నడూ తగలని కొత్త పొర ముక్కలకు తగిలించారు. ఇప్పుడు వాటిపై సజీవమైన వైరసును వేసినా అది వృద్ధిచెందలేదు! మొదటి ముక్కలలోని కణాలు ఏదో పదార్థాన్ని విడుదల చేసినవనీ, ఆ పదార్థం కొత్త కణాలకు రక్షణ ఇచ్చినదనీ తేలింది. వైరస్ పనికి అడ్డుతగులుతుంది గనుక దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

వేసవిలో తాటాకు ఇళ్ళ వాడలో ఒక ఇల్లు అంటుకున్నదనుకోండి. ఆ ఇంటివాడు కేక వేయగానే ఇరుగుపొరుగువారు చేసే మొదటి పని, తమ ఇళ్ళ కప్పుల మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించడం. అంటుకున్న ఇల్లు ఎట్లాగూ పోతుంది. తడిసిన ఇంటికి నిప్పు సులభంగా అంటుకోదు. ఇంటర్‌ఫెరాన్ చేసేది సరిగ్గా ఇదే. అది అందిన పొరుగు కణాలు కొన్ని వందల జన్యువులను మేల్కొలిపి, వైరస్ వచ్చినా నకళ్ళు తీయలేని స్థితికి వెళ్ళిపోతవి. ఈ పని ఒకటి రెండు రోజులలో చురుకుగా జరిగితే జబ్బు జలుబుతోనో, రెండు రోజుల జ్వరంతోనో ముగుస్తుంది.

కేక ఆలస్యమైతే? అప్పుడు వాడంతా అంటుకుంటుంది. ఊరంతా పరుగెత్తి వస్తుంది.

ఆ ఊరు ఎవరంటే, రక్తంలోని తెల్లకణాలు. దెబ్బతిన్న కణాలూ, ఇప్పుడు కేకలు వేయడం మొదలుపెట్టిన భక్షక కణాలూ సైటోకైనులనే చిన్న ప్రోటీనులను పుష్కలంగా వెదజల్లుతవి. వీటిలో కొన్ని రక్తనాళాలను వదులు చేస్తవి, కొన్ని తెల్లకణాలను రప్పిస్తవి, కొన్ని మెదడుకు చేరి జ్వరం తెప్పిస్తవి. ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్ కణాలు. పుండులోని చీములో ఎక్కువభాగం వీటి కళేబరాలే. బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో కలిపినప్పుడు సూక్ష్మజీవులను చంపే పదార్థాన్నే ఇవి తమ లోపల తయారుచేసుకుంటవి. మాంసకృత్తులను కరిగించే ఎంజైములను కూడా వెళ్ళగక్కుతవి. అంతటితో ఆగక, కొన్ని తమ కేంద్రకంలోని డి.ఎన్.ఎ. దారాలనే వలగా విసిరి సూక్ష్మజీవులను చుట్టివేస్తవి; ఈ సంగతి 2004లో బెర్లిన్ నగరంలోని పరిశోధకులు బయటపెట్టారు. బాక్టీరియాల మీద ఈ ఆయుధాలన్నీ దివ్యంగా పనిచేస్తవి. కాని కణం లోపల దాగిన వైరసును కొట్టాలంటే ఆ కణాన్ని కొట్టక తప్పదు. చుట్టుపక్కల ఉన్న ఆరోగ్యవంతమైన కణాలకు, కేశనాళికల గోడలకు కూడా ఆ దెబ్బలు తగులుతవి. డి.ఎన్.ఎ. వలలు రక్తాన్ని గడ్డకట్టిస్తవి కూడా. కోవిడ్‌తో మరణించినవారి ఊపిరితిత్తులలో సన్నని రక్తనాళాలు గడ్డలతో పూడిపోయి ఉండడం శవపరీక్షలలో తరచుగా కనిపించింది.

సుమారు వారం గడిచేసరికి టి కణాలు రంగంలోకి దిగుతవి. ఇవి గురి చూసి కొట్టేవి. వైరస్ సోకిన కణమేదో, సోకనిదేదో పైపొర మీది గుర్తులనుబట్టి పోల్చుకొని, సోకినదానిని మాత్రమే చంపుతవి. అవి లేనిదే వైరస్ పూర్తిగా పోవడం కష్టం. అయితే అవి చంపుతున్నవి మన వాయుకోశాల గోడలోని ఇటుకలనే అన్న సంగతి మరువరాదు. సోకిన కణాలు కొద్దిగా ఉన్నప్పుడు గోడ నిలుస్తుంది. ఆలస్యమై ఊపిరితిత్తిలో సగభాగానికి సోకి ఉన్నప్పుడు అదే పని గోడను తూట్లు పొడుస్తుంది. అంటుకున్న వాడను ఆర్పడానికి ఊరివాళ్ళు వెదురుగడలతో కప్పులన్నీ లాగిపారవేసినట్లవుతుంది. మంట ఆరుతుంది; తల దాచుకొనడానికి కప్పు ఉండదు.

గోడ తూట్లు పడగానే రక్తంలోని నీరూ, ప్రోటీనులూ వాయుకోశంలోకి ఊరుతవి. వాటిలోని ఫైబ్రిన్ అనే ప్రోటీను, చచ్చిన కణాల ముక్కలతో కలిసి లోపలి గోడకు గాజుపూతవలె అంటుకుంటుంది. మరొక నష్టం కూడా జరుగుతుంది. వాయుకోశాలు తడిగా ఉండే చిన్న బుడగలు గనుక, నీటి తలతన్యత వల్ల అవి ముడుచుకుపోవలసినవే. అట్లా పోకుండా కాపాడేది సర్ఫక్టెంట్ అనే నురుగువంటి పదార్థం. కుంకుడురసం కలిపిన నీటిలో బుడగలు నిలిచినట్లే, దీని వలన వాయుకోశాలు తెరుచుకొని నిలుస్తవి. ఈ పదార్థాన్ని తయారుచేసేవి గోడలో అక్కడక్కడ ఉండే రెండవ రకం కణాలు. సార్స్, కోవిడ్ వైరసులు ప్రవేశించడానికి వాడుకొనే ద్వారం ఈ కణాల మీదనే ఉన్నది! కణాలు చస్తే సర్ఫక్టెంట్ తయారీ ఆగుతుంది. ఉన్న కాస్తా ఊరిన ద్రవంతో పలుచబడుతుంది. వాయుకోశాలు ఒకదాని వెంట ఒకటి మూసుకుపోతవి. వాటిని ఆనుకొని పారే రక్తం ప్రాణవాయువు అందకనే గుండెకు తిరిగి వెళుతుంది. అటువంటప్పుడు ముక్కు దగ్గర ఎంత ఆక్సిజన్ పెట్టినా పూర్తి ఫలితం ఉండదు, ఎందుకంటే మూసిన గదిలోకి గాలి పోదు. ఇటువంటి రోగులను బోర్లా పడుకోబెట్టడంలోని కిటుకు ఇదే: వీపువైపు నలిగి మూసుకున్న భాగాలు కొంత తెరుచుకుంటవి.

ఈ స్థితిని 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు మొదటిసారి స్పష్టంగా వర్ణించారు. వారు చూసిన 12 మంది రోగులలో కొందరు ప్రమాదాలలో గాయపడినవారు, కొందరు వైరల్ న్యుమోనియా వచ్చినవారు, ఒకరికి క్లోమం వాచింది. కారణాలు ఇన్ని ఉన్నా ఊపిరితిత్తుల తీరు మాత్రం ఒక్కటే. దెబ్బ కొట్టినది ఏదైనా, ఊపిరితిత్తిని ముంచినది దేహపు జవాబేనని అనుమానించడానికి ఆనాడే ఆధారం ఉన్నది.

అందరికీ ఇట్లా జరగదేమి? ఇంటర్‌ఫెరాన్ కేక సకాలంలో పడిందా లేదా అన్నదే పెద్ద తేడాగా కనిపిస్తున్నది. సార్స్, కోవిడ్ వైరసులకు ఆ కేక వినబడకుండా నోరు నొక్కే ప్రోటీనులు ఉన్నవి. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2016లో సార్స్ వైరసును ఎలుకలకు ఎక్కించి చూడగా, వైరస్ వృద్ధి శిఖరానికి చేరిన తరువాత గాని ఇంటర్‌ఫెరాన్ రాలేదు. అట్లా ఆలస్యంగా వచ్చినది రక్షించకపోగా, తాపాన్ని పెంచే కణాలను గుంపులుగా రప్పించి ఎలుకలను చంపింది. దానినే ముందుగా ఇచ్చినప్పుడు ఎలుకలు బతికినవి. మందు ఒకటే, రోజు మారేసరికి గుణం తిరగబడింది.

మనుషులలో దొరికిన ఆధారం ఇంకా ఆశ్చర్యకరం. న్యూయార్కు, పారిస్ నగరాలలో పరిశోధనశాలలున్న కాసనోవా, ఆయన బృందం 2020లో ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగుల రక్తాన్ని పరీక్షించారు. వారిలో 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్‌ఫెరానును పట్టి నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు ఉన్నవి. ఆ 101 మందిలో 95 మంది పురుషులు. జబ్బు తేలికగా పోయిన 663 మందిలో ఒక్కరికీ ఇవి లేవు. నూటికి పదిమందిలో కేక వేసే గొంతునే తమ దేహం పిసికివేసిందన్నమాట. మిగతా తొంభైమందిలో కారణాలు వేరువేరు. వయసు, మధుమేహం, స్థూలకాయం వాటిలో ముఖ్యమైనవి.

ఆ రోజులలో పత్రికలు దీనినంతా "సైటోకైన్ తుఫాను" అని రాసినవి. మాట ఆకర్షణీయమే గాని కొంత అతిశయోక్తి ఉన్నది. రక్తంలో కొలిచి చూసినప్పుడు చాలామంది కోవిడ్ రోగులలో సైటోకైనుల మోతాదు, రక్తం విషపూరితమైన ఇతర రోగులకంటె తక్కువగానే ఉన్నది. దేహమంతటా వీచిన తుఫాను అనడంకంటె, ఊపిరితిత్తిలో కట్ట తెగిన చెరువు అంటే సత్యానికి దగ్గరగా ఉంటుంది.

దేహపు జవాబే హాని చేస్తున్నట్లయితే, దానిని అణచే మందు మేలు చేయాలి. బ్రిటనులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ అనే పెద్ద పరీక్షలో ఈ సంగతి తేలింది. 2,104 మంది ఆసుపత్రి రోగులకు అరవై ఏండ్లుగా వాడుకలో ఉన్న చవక స్టెరాయిడు డెక్సామెథసోనును రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇచ్చారు. 4,321 మందికి మామూలు చికిత్స మాత్రమే చేశారు. ఫలితాలు 2020 జూన్ 16న ప్రకటించారు. 28 రోజులలో, వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు నూటికి 41 నుంచి 29కి తగ్గినవి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26 నుంచి 23కి తగ్గినవి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో ఏమయిందో జాగ్రత్తగా చూడాలి: మందు తీసుకోనివారిలో 14, తీసుకొన్నవారిలో 18. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చు. కాని మేలు ఏ మాత్రమూ లేదన్నది స్పష్టం. జబ్బు మొదలై ఏడు రోజులు దాటినవారికే ప్రయోజనం కనిపించింది.

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. మొదటి వారంలో పని వైరసును అడ్డుకోవడం. ఆ పని చేసే సైన్యాన్ని అప్పుడే నిద్రపుచ్చితే వైరసుకు వాడంతా అప్పగించినట్లే. రెండవ వారంలో గోడ కూలకుండా చూడవలసిన పని. అప్పుడు అదే సైన్యాన్ని కాస్త వెనక్కి పట్టాలి. ఇన్‌ఫ్లూయెంజా న్యుమోనియాలో స్టెరాయిడుల వలన ఇటువంటి స్పష్టమైన మేలు రుజువు కాలేదు గనుక, ఒక వైరస్ విషయంలో నేర్చినది మరొకదానికి యథాతథంగా అతికించడానికీ లేదు.

2021 వేసవిలో మన దేశంలో ఈ తేడాను గమనించనివారు ఎందరో నష్టపోయారు. జ్వరం వచ్చిన రెండవ రోజునే, ఆక్సిజన్ అంకె బాగానే ఉన్నా, చేతినుంచి చేతికి తిరిగిన మందుల చీటీలు చూసి దుకాణంలో స్టెరాయిడు బిళ్ళలు కొని మింగినవారున్నారు. స్టెరాయిడు రక్తంలో చక్కెరను పెంచుతుంది, తెల్లకణాలను మందగింపజేస్తుంది. గాలిలో ఎప్పుడూ తేలుతూ ఉండే ఒక జాతి బూజు సాధారణంగా మనలను ఏమీ చేయలేదు. మధుమేహమున్నవారిలో ఆ రెండూ కలిసినప్పుడు ముక్కులో నాటుకొని, కన్నుకూ, మెదడుకూ పాకింది. బ్లాక్ ఫంగస్ అని ప్రజలు పిలిచిన ఆ జబ్బు జూన్ నెలాఖరుకు దేశంలో 40 వేలమందికి పైగా సోకింది. తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా మే నెలలో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. సరియైన రోగికి సరియైన రోజున ప్రాణం పోసిన మందే, అవసరం లేనివారికి కన్ను పోగొట్టడానికి దారితీసింది.

టీకా చేసే పని కూడా ఈ దృష్టితో చూస్తే బాగా అర్థమవుతుంది. టీకా వేసుకొన్నవారి ముక్కులో వైరస్ అసలు ప్రవేశించదని కాదు. ప్రతిరక్షకాలూ, జ్ఞాపకమున్న టి కణాలూ ముందే సిద్ధంగా ఉంటవి గనుక, వారం పట్టవలసిన పని రెండు మూడు రోజులలో మొదలవుతుంది. అప్పటికి సోకిన కణాలు కొద్దిగానే ఉంటవి. వాటిని చంపినా గోడ కూలదు.

ప్రమాదం దాటిన రోగిలో మరమ్మతు నెమ్మదిగా సాగుతుంది. ముందు లోపలి ద్రవాన్ని గోడ కణాలు తిరిగి రక్తంలోకి తోడివేస్తవి. వలస వచ్చిన న్యూట్రోఫిళ్ళు చచ్చిపోతవి; భక్షక కణాలు వాటి కళేబరాలనూ, గాజుపూతనూ తిని శుభ్రం చేస్తవి. బతికి ఉన్న రెండవ రకం కణాలు విభజన చెంది, వాటిలో కొన్ని బల్లపరుపుగా సాగి, చచ్చిన పలుచని కణాల స్థానాన్ని భర్తీ చేస్తవి. ఇందుకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషి నాలుగు మెట్లెక్కి నిలబడి ఆయాసపడుతున్నాడంటే, లోపల ఆ పని ఇంకా నడుస్తూ ఉండడం దానికి ఒక కారణం. కొందరిలో మాత్రం పలుచని కణాలకు బదులు పీచుకణాలు వచ్చి మచ్చ కట్టివేస్తవి. అర మైక్రాను మందం ఉండవలసినచోట అంతకు ఎన్నో రెట్లు మందమైన గట్టిపొర ఏర్పడుతుంది. ఆ భాగం గుండా ప్రాణవాయువు మునుపటివలె ప్రవహించదు.